పాత కారు, నిత్య ప్రయాణము

కర్నూలు జిల్లా పడమటి భాగమున ఆదోని ప్రత్తి వ్యాపారమునకు, ఎమ్మిగనూరు చేనేతకు పేరుపడిన ఊళ్లు. రెండింటికి నడుమ దూరము సుమారు 30 కిలోమీటర్లు. క్రొత్త కారునకు ఇది ఒక లెక్క కాదు. కాని తండ్రి కొన్న అంబాసిడర్ కారును కొడుకు ఏప్రిల్ నెలలో ఒక ఉదయమున షెడ్డు నుండి బయటికి తీసి, ఎమ్మిగనూరు పోయి పని చూచుకొని, మధ్యాహ్నపు టెండలో తిరిగి ఆదోని చేరవలెనని తలచినాడనుకొందము. బండి పోవునా? పోయినను తిరిగి వచ్చునా? ఒకసారి వచ్చినను, వారము వారము అట్లే పోయి రాగలదా?

ఎద్దునకు వయసు మళ్లినట్లు ఇనుమునకు కూడ వయసు మళ్లునని పలువురి తలంపు. ఇది సరికాదు. అరిగిన భాగములను మార్చుచు, తుప్పు పట్టనీయకుండ చూచుకొన్నచో ఇంజను దిమ్మకు, గేరు చక్రములకు సంవత్సరములతో పని లేదు. పాత కారు చెడుటకు ముఖ్య కారణము వేరు. అది ఏ ఎండకు, ఏ నీటికి, ఏ పెట్రోలునకు తయారైనదో వానికిని, నేడు దానికి లభించుచున్న వానికిని భేదమున్నది. ఆ భేదమును తెలిసి సరిదిద్దినచో పాత కారు నేటికిని నిత్యము నడచును. తెలియక నడిపినచో దారిలో నిలిచిపోవును. ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయమును కూడ తెచ్చును.

బండ్ల పుట్టుక

హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1942లో స్థాపితమైనది. బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారమున ఆ సంస్థ ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును అనుసరించి అంబాసిడర్‌ను తయారుచేసెను. 1950 దశకపు చివర మొదలైన ఈ తయారీ 2014 మే నెలలో ఆగిపోయినది. దానిలో దీర్ఘకాలము నడచినది 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను. బొంబాయిలోని ప్రీమియర్ సంస్థ ఇటలీ ఫియట్ 1100 నమూనాపై చేసిన కారు తరువాత ‘పద్మిని’ అను పేరు పొందినది. దాని ఇంజను 1089 ఘన సెంటీమీటర్లు. మద్రాసులో 1961 నుండి స్టాండర్డ్ హెరాల్డ్ తయారైనది.

ఈ కార్లలో కంప్యూటరు లేదు. పెట్రోలును గాలితో కలుపునది కార్బురేటరు. నిప్పురవ్వను సమయమునకు పుట్టించునది కాంటాక్టు పాయింట్ల జత. చెడినదేదో కంటితో చూచి, చేతితో తాకి తెలిసికొనవచ్చును. ఇది వాని గొప్ప సుగుణము. ఐతే వాని మూల నమూనాలు ఐరోపా వాతావరణమునకు ఉద్దేశింపబడినవి. అవి త్రాగిన పెట్రోలు కూడ నేటిది కాదు.

ఎండయు, నీరును

ఇంజనులో పెట్రోలు కాలగా పుట్టిన వేడిలో సుమారు నాల్గవ వంతు మాత్రమే చక్రములను త్రిప్పు పనిగా మారును. మిగిలినదానిలో కొంత పొగతో పోవును. ఇంచుమించు మూడవ వంతు సిలిండరు గోడల గుండ నీటిలోనికి వచ్చును. ఆ నీటిని చల్లార్చునది రేడియేటరు.

వేడి వస్తువు నుండి గాలిలోనికి పోవు వేడి, ఆ రెండింటి ఉష్ణోగ్రతల భేదమును బట్టి ఉండును. ఇంజను నీరు 85 డిగ్రీల సెంటిగ్రేడు ఉన్నదనుకొందము. గాలి 20 డిగ్రీలున్న దేశమున భేదము 65 డిగ్రీలు. ఆదోని వేసవిలో గాలి 42 డిగ్రీలున్ననాడు భేదము 43 మాత్రమే. అనగా అదే రేడియేటరు ఇక్కడ మూడింట రెండు వంతుల పనియే చేయగలదు. చల్లని దేశములో సగము పూడుకొనియు పనిచేయు రేడియేటరు ఇక్కడ నిండుగా తెరచియుండిననే చాలును.

పూడుకొనుట రెండు విధములు. మొదటిది వెలుపలి పూడిక. ప్రత్తి దిగు కాలమున జిన్నింగు మిల్లుల వీధులలో దూది నూగు గాలిలో తేలుచుండును. రేడియేటరు రెక్కల సందులలో అది చేరి, దానిపై దుమ్ము పట్టి, చిన్న పరుపువలె గాలిని అడ్డగించును. దీనిని కారు ముందువైపు నుండి నీరు కొట్టి కడిగినచో నూగు మరింత లోపలికి పోవును. ఇంజను వైపు నుండి ముందునకు, తక్కువ వడి గల నీటితో కడుగవలెను.

రెండవది లోపలి పూడిక. ఈ మెట్టప్రాంతపు బోరు నీటిలో లవణములు హెచ్చు. కరగియున్న కాల్షియం బైకార్బొనేటు వేడి తగిలినంతనే విచ్ఛిన్నమై, బొగ్గుపులుసు వాయువును విడిచి, కాల్షియం కార్బొనేటుగా అడుగున చేరును. నీళ్లు కాచు పాత్ర అడుగున పేరుకొను తెల్లని పొర ఇదియే. దీని ఉష్ణవాహకత ఇనుముకంటె ఇరువది రెట్లకు పైగా తక్కువ. సిలిండరు చుట్టును ఇట్టి పొర పట్టినచో నీరు చల్లగానే ఉండియు లోహము కాలిపోవుచుండును.

కావున రేడియేటరులో బోరు నీరు పోయరాదు. స్వేదనజలముతో కూలెంటును కలిపి పోయవలెను. మంచు పడని ఊరిలో కూలెంటు ఎందుకని కొందరడుగుదురు. నీటిని గడ్డకట్టనీయకపోవుట దాని ఒక గుణమే. తుప్పును అరికట్టు రసాయనములు దానిలో నుండుట మరియొక గుణము. ఇంజను దిమ్మ పోతయినుము, రేడియేటరు ఇత్తడి, అతుకులు సీసము తగరములు, పద్మినిలో సిలిండరు తల అల్యూమినియము. ఇన్ని లోహములు ఒకే ఉప్పునీటిలో మునిగియుండుట విద్యుద్ఘటమును కట్టినట్లే. వానిలో బలహీనమైన లోహము కరగిపోవుచుండును. కూలెంటు ఈ చర్యను మందగింపజేయును.

రేడియేటరు మూతను గూర్చి ఒక మాట. ఆదోని సముద్రమట్టమునకు సుమారు 435 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ తెరచిన పాత్రలో నీరు సుమారు 98.5 డిగ్రీలకే మరగును. మూతలోని స్ప్రింగు చదరపు అంగుళమునకు 7 పౌనుల అదనపు పీడనమును నిలిపినచో మరుగు స్థానము 110 డిగ్రీల దాపునకు పోవును. పాతబడిన స్ప్రింగు, ఎండిన రబ్బరు వాషరు ఈ పదునొకండు డిగ్రీల రక్షణను పోగొట్టును. స్వల్పమైన వెలకు దొరకు మూతతో తీరు జబ్బునకు, కొందరు ఇంజను నంతను విప్పించుచున్నారు.

దారిలో ఇంజను పొగలు క్రక్కినచో వెంటనే మూత తీయరాదు. పీడనము తగ్గినంతనే 100 డిగ్రీలు దాటిన నీరు ఒక్కసారిగా ఆవిరియై ముఖముపైకి చిమ్మును. మరిగిన ఇంజనుపై చల్లని నీరు గ్రుమ్మరించుట కూడ తగదు; పోతయినుము ఒకచోట ముడుచుకొని, మరొకచోట వ్యాకోచించి పగులును. నీడను నిలిపి, బానెట్టు తెరచి, అరగంటకు పైగా ఆగుటయే మార్గము.

సీసము పోయిన పెట్రోలు

పూర్వము పెట్రోలులో సీసపు సమ్మేళనమును కలిపెడివారు. పెట్రోలు అకాలమున పేలి ఇంజను ‘కొట్టుకొన’కుండుటకు అది ఉద్దేశింపబడినది. కాని దానివలన అనుకోని మరియొక మేలు కలిగినది. కాలిన సీసపు లవణములు ఎగ్జాస్టు వాల్వు కూర్చుండు పీటపై పలుచని పొరగా పరచుకొని, ఎఱ్ఱగా కాగిన రెండు లోహముల నడుమ మెత్తవలె పనిచేసెడివి. సీసము ఆరోగ్యమునకు, విశేషించి పిల్లల మెదడునకు, హానికరమని తేలినందున 2000 ఫిబ్రవరి 1 నుండి మన దేశమంతట సీసములేని పెట్రోలునే అమ్ముచున్నారు. ఇది మంచి మార్పు. అయినను పాత పోతయినుప తలలకు పీటపై మెత్త పోయినది. అధిక వేగమున చాలసేపు నడిపినపుడు వాల్వు, పీట సూక్ష్మముగా అతుకుకొని, విడిపోవునపుడు పీట లోహము చిట్లిపోవును. వాల్వు కొద్దికొద్దిగా లోనికి క్రుంగును.

దీనిని ముందుగా తెలుపునది టాపెట్టు సందు. సాధారణముగా అరుగుదల వలన సందులు పెరుగును. ఎగ్జాస్టు వాల్వుల సందు మాత్రము సరిచేసిన ప్రతిసారి మరల తగ్గిపోవుచున్నచో పీట క్రుంగుచున్నదని గ్రహింపవలెను. ఉపేక్షించినచో వాల్వు పూర్తిగా మూసికొనదు. మండుచున్న వాయువు ఆ సందున దూరి వాల్వు అంచును కాల్చివేయును. ఇంజనును విప్పినపుడు గట్టి ఉక్కు పీటలను పొదిగించుట దీనికి శాశ్వత చికిత్స.

ఆల్కహాలు చేరిన పెట్రోలు

సీసము పోవుటకంటె ఇథైల్ ఆల్కహాలు, అనగా ఇథనాలు, చేరుట పాత కారునకు పెద్ద మార్పు. 2025 నాటికి దేశమున సాధారణముగా అమ్ముడగు పెట్రోలులో దాని పాలు 20 శాతమునకు చేరినది. దిగుమతి నూనె ఖర్చు తగ్గించుటకు, రైతు పంటలకు గిరాకి కల్పించుటకు ఈ ఏర్పాటు. దీనికి తగినట్లు చేసిన క్రొత్త కార్లకు ఇబ్బంది లేదు. పాత కారునకు మాత్రము మూడు చోట్ల జాగ్రత్త కావలెను.

మొదటిది గాలి, ఇంధనముల పాళ్లు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. ఇథనాలు అణువులో ఆక్సిజను ముందే ఉన్నందున దానికి 9 కిలోలు చాలును. 20 శాతపు మిశ్రమమునకు లెక్క కట్టగా సుమారు 13.5 కిలోలు వచ్చును. క్రొత్త కారులోని కంప్యూటరు ఈ తేడాను పసిగట్టి సరిచేయును. కార్బురేటరులోని జెట్టు రంధ్రమునకు అట్టి తెలివి లేదు. పాత కొలతకే పోయును. అందుచేత మిశ్రమము పలుచబడి, బండి ఎత్తు ఎక్కునపుడు తడబడును, కార్బురేటరులో ‘టప్పు’మని దగ్గును, ఇంజను వేడెక్కును. ఎండకు ఈ వేడి తోడగును. సోలెక్స్ వంటి కార్బురేటరులో ఒక కొలత పెద్ద జెట్టును, ఎస్.యు. కార్బురేటరులో తగిన సూదిని అమర్చుట దీనికి మందు. స్పార్కు ప్లగ్గు కొన లేత గోధుమ రంగున ఉన్నచో మిశ్రమము సరిపోయినట్లు, తెల్లబారినచో పలుచన. ఇథనాలు లీటరునకు ఇచ్చు వేడి పెట్రోలులో మూడింట రెండు వంతులే గనుక, ఎంత సరిచేసినను మైలేజి 6, 7 శాతము తగ్గుట సహజము.

రెండవది రబ్బరు. ఆనాటి పెట్రోలు గొట్టములు, పంపులోని పొర ఇథనాలునకు ఉద్దేశింపబడినవి కావు. అవి ఉబ్బి, మెత్తబడి, తరువాత ఎండి చిట్లును. కాగియున్న ఇంజనుపై కారు పెట్రోలు బొట్టు బండిని దహింపగలదు. నిత్యము నడుపువారు అన్నిటికంటె ముందు చేయవలసిన ఖర్చు ఇదియే. ట్యాంకు నుండి కార్బురేటరు వరకు గొట్టములన్నిటిని ఇథనాలునకు ఓర్చు రకముతో మార్చి, పంపు పొరను కూడ అట్టిదే వేయించవలెను. ఒక అగ్నిమాపక సిలిండరును డ్రైవరు చేతికందు చోట ఉంచవలెను.

మూడవది నీరు. పెట్రోలులో నీరు కలియదు; ఇథనాలులో ఎంతైనను కలియును. మిశ్రమము గాలిలోని తేమను పీల్చుకొని కొంతవరకు తనలో ఇముడ్చుకొనును. హద్దు మీరినచో ఇథనాలు, నీరు కలిసి పెట్రోలు నుండి విడిపోయి ట్యాంకు అడుగున చేరును. ఇంజనునకు పోవు గొట్టము నోరు ఉన్నదక్కడే. వర్షకాలమంతయు సగము ట్యాంకుతో కదలక నిలిచిన కారు మొదటి స్టార్టునకే మొరాయించుటకు ఇదొక కారణము. ఇనుప ట్యాంకు తుప్పునకును ఇదియే మూలము.

పెట్రోలులో ఇథనాలు ఎంత ఉన్నదో కాలేజి ప్రయోగశాలలో ఎవరైనను చూడవచ్చును. నిప్పునకు దూరముగా, గాలి ఆడుచోట, కొలజాడీలో 50 మిల్లీలీటర్ల నీరు, 50 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, మూత బిగించి మెల్లగా కలిపి, నడుమ నడుమ మూత సడలించి ఆవిరిని పోనిచ్చి, కదలక ఉంచవలెను. ఇథనాలు పెట్రోలును విడిచి నీటిలోనికి దిగును. అడుగు పొర 50 నుండి 60 దాపునకు పెరిగినచో, 50లో 10, అనగా 20 శాతము ఇథనాలు ఉన్నదన్నమాట.

ఆవిరి అడ్డు, తడిగుడ్డ వైద్యము

ఎమ్మిగనూరులో ఎండను నిలిపిన బండి పావుగంట తరువాత స్టార్టు కాదు. సాయంకాలము తనంతట తానే బాగుపడును. ఇది పలువురెరిగిన అనుభవము. ఇంజను ఆగగానే నీటి ప్రవాహము, ఫ్యాను గాలి రెండును ఆగును. ఆ వేడికి ఇంజను ప్రక్కనున్న పంపులో, గొట్టములో పెట్రోలు ఆవిరియగును. పంపు ద్రవమును తోయగలదుగాని ఆవిరిని తోయలేదు. అది నొక్కుకొని మరల వ్యాకోచించుచుండును.

పాత డ్రైవర్లు పంపునకు తడిగుడ్డ చుట్టెడివారు. ఇది మూఢాచారము కాదు, చక్కని భౌతికశాస్త్రము. నీరు ఆవిరియగుచు తనకు కావలసిన గుప్తోష్ణమును పంపు నుండియే తీసికొనును. రాయలసీమ వేసవి గాలి పొడిగా నుండుటచే మట్టికూజా నీరు చల్లబడినట్లే పంపును చల్లబడును. కాని ఇది దారిలో చేయు ప్రథమ చికిత్స. గొట్టమును ఎగ్జాస్టు పైపునకు దూరముగా మరల్చి, వేడి తగులనట్టి తొడుగు వేయుట అసలు పని.

బ్రేకులు

ఇంజను చెడినచో బండి నిలుచును. బ్రేకు చెడినచో బండి నిలువదు. కావున మొదటిదానికంటె రెండవదానిపై ఎక్కువ శ్రద్ధ కావలెను. నేటి కార్లలో బ్రేకు ద్రవము రెండు వేరు మార్గములలో ప్రవహించును. ఒకటి చెడినను మరియొకటి ఉండును. పాత కార్లు పెక్కింటిలో మార్గము ఒక్కటే. ఒక చక్రము వద్ద రబ్బరు కప్పు చినిగినను నాలుగు చక్రముల బ్రేకులు ఒక్కసారి పోవును.

బ్రేకు ద్రవము కూడ తేమను పీల్చును. డాట్ 3 రకపు ద్రవము పొడిగా ఉన్నపుడు కనీసము 205 డిగ్రీల వరకు మరగదు. తేమ చేరిన పిమ్మట దానికి ఉండవలసిన కనీస హద్దు 140 మాత్రమే. దిగుడున ఎడతెగక బ్రేకు నొక్కునపుడు డ్రమ్ముల వేడికి తేమగల ద్రవము మరగి బుడగలు పుట్టును. బుడగ నలుగును గనుక పెడలు నేలను తాకును, బండి ఆగదు. చూచుటకు శుభ్రముగా నున్నను రెండేండ్లకొకసారి ద్రవము నంతను మార్చవలెను. దానికి బదులు ఇంజను ఆయిలు పోయుట ప్రమాదము. ఖనిజ తైలమునకు ఆ రబ్బరు కప్పులు ఉబ్బి చెడును.

బయలుదేరుటకు ముందు పెడలును ఒక నిమిషము గట్టిగా నొక్కి పట్టవలెను. అది మెల్లగా క్రిందికి దిగినచో ఆనాటి ప్రయాణము మానవలెను. చేతిబ్రేకు తీగపై నడచును గనుక ద్రవము పోయినపుడు మిగులు దిక్కదియే. దానిని సరిగా ఉంచుకొనుట ప్రాణరక్షణ.

విడిభాగములు

తయారీ ఆగిన కారునకు భాగములెక్కడివి? మిల్లులున్న ఊరిలో లేతు యంత్రమును నేర్పుగా నడుపు పనివారు దొరకుదురు. బుష్షులు, పిన్నులు, ప్యాకింగులు, బ్రాకెట్లు ఊరిలోనే చేయించవచ్చును. బ్రేకు కప్పులు, స్టీరింగు బాలు జాయింట్లు మాత్రము అంచనాతో చేయించరాదు. వాని లోహపు, రబ్బరుల గుణము కంటికి తెలియదు, తెలియువేళకు ఆలస్యమగును. పాత భాగమును తీసినపుడు పారవేయక, శుభ్రపరచి, చీటి కట్టి దాచుట మంచిది. నమూనా ఉన్నచోట పనివాని చేయి తప్పదు.

చట్టము

సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును. ఆపై బండి పరీక్షలో నెగ్గినచో ఐదేండ్లకొకసారి పొడిగింపబడును. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము ‘వింటేజి’ వాహనములకు ప్రత్యేక నిబంధనలు చేసినది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరములు దాటి, మూలరూపము చెడని వాహనములు దీని క్రిందికి వచ్చును. ఐతే అట్లు నమోదైన బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, పరిశోధనకు, మరమ్మతునకు, పెట్రోలు పోయించుటకు మాత్రమే రోడ్డుపైకి తేవచ్చును, నిత్యము నడుపరాదు. వారము వారము ఎమ్మిగనూరు పోదలచినవారు ఈ గౌరవమునకు ఆశపడక సాధారణ రిజిస్ట్రేషనునే నిలుపుకొనవలెను.

నడిపించుటయే సంరక్షణ

పెట్రోలు కాలినపుడు పొగతో పాటు నీటి ఆవిరియు పుట్టును. ఇంటి చుట్టు రెండు నిమిషములు త్రిప్పి ఆపిన బండిలో ఈ ఆవిరి సైలెన్సరులో, ఆయిలులో నీరై నిలిచి తుప్పును తెచ్చును. ఇంజను పూర్తిగా కాగునంత దూరము పోయినచో అది తిరిగి ఆవిరియై వెలుపలికి పోవును. బ్యాటరీ కూడ అంతే. ఛార్జి తగ్గి నిలిచిపోయిన బ్యాటరీ పలకలపై సీసపు సల్ఫేటు గట్టిపడును. పాత డైనమో నెమ్మదిగా తిరుగునపుడు ఛార్జి ఇంచుమించు చేయదు కనుక, నిలిపిన చోటనే ఇంజనును నడపుట వలన లాభము లేదు.

ఈ లెక్కన ఆదోని నుండి ఎమ్మిగనూరునకు పోయి వచ్చు 60 కిలోమీటర్లు పాత కారునకు భారము కాదు, వ్యాయామము. ఉదయము బయలుదేరి, నీడను నిలిపి, ఎండ తగ్గిన పిదప తిరుగుట ఉత్తమము. బండిలో ఒక నోటుపుస్తకము ఉంచి, పోసిన పెట్రోలు, తగ్గిన నీరు, ఆయిలు, సరిచేసిన టాపెట్టు సందు, మార్చిన భాగము తేదీతో సహా వ్రాయవలెను. నీరు వారమునకొక గ్లాసు తగ్గుచున్నదని పుస్తకము చెప్పునపుడే వెదకినచో కారణము ఒక క్లిప్పు బిగింపుతో తీరును. చూడక విడిచినచో అదియే ఒక వేసవి మధ్యాహ్నమున దారి నడుమ సిలిండరు తలను పగులగొట్టును. పాత కారు చెడిపోవుటకు ముందు తప్పక ఏదో సూచన ఇచ్చును. ఆ సూచనను గ్రహించువాని చేతిలో తండ్రి కొన్న కారు మనుమని కాలమునకు కూడ నడువగలదు.